పాత ల్యాప్‌టాప్ లోపల ఏ స్లాట్లు ఉన్నాయి, ఏం మార్చొచ్చు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో చాలా ఇళ్లలో పాత ల్యాప్‌టాప్‌లు ఇంకా పనిలోనే ఉన్నాయి. అన్నయ్య బీటెక్‌లో వాడింది చెల్లికి వస్తుంది. ఆఫీసుల్లో తీసేసిన లాటిట్యూడో థింక్‌ప్యాడో సెకండ్ హ్యాండ్‌లో ఇంటికి చేరుతుంది. స్లో అయిందని బాగున్న మెషీన్‌ని పక్కన పడేసేవాళ్లు కొందరైతే, తొందరపడి ఏదో ఒక పార్ట్ కొనేసి అది పట్టక షాపు చుట్టూ తిరిగేవాళ్లు ఇంకొందరు. లోపల ఏ స్లాట్ (పార్ట్ దూర్చే చోటు) ఉందో ముందే చూసుకుంటే రెండు నష్టాలూ తప్పుతాయి. డబ్బు జేబులోంచి తీసే ముందు చూసుకోవలసిన విషయాలే ఇక్కడ ఉన్నాయి.

మా ల్యాప్‌టాప్‌కి ఏమేం వేయొచ్చో తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పూర్తి మోడల్ నంబర్ దగ్గర. మూత మీద ఉండే పేరు సరిపోదు. "ఇన్‌స్పిరాన్ 15", "హెచ్‌పీ 15", "ఐడియాప్యాడ్" అంటే ఒక్క ల్యాప్‌టాప్ కాదు, ఏళ్ల తరబడి అదే పేరుతో వచ్చిన రకరకాల మోడళ్లు. వాటిలో ఒకదానికి రెండు ర్యామ్ (ప్రోగ్రాములు నడిచేటప్పుడు వాడుకునే మెమరీ) స్లాట్లుంటే, పక్కదానికి ఒకటే ఉండొచ్చు.

ల్యాప్‌టాప్‌ని బోర్లించి అడుగున ఉన్న స్టిక్కర్ చూడండి. డెల్‌లో సర్వీస్ ట్యాగ్, హెచ్‌పీలో ప్రొడక్ట్ నంబర్, లెనోవోలో మెషీన్ టైప్ అని ఉంటుంది. బ్యాటరీ ఊడే మోడల్ అయితే స్టిక్కర్ బ్యాటరీ కింద దాగి ఉండొచ్చు. అరిగిపోయి కనపడకపోతే విండోస్ సెర్చ్‌లో "సిస్టమ్ ఇన్ఫర్మేషన్" తెరవండి, సిస్టమ్ మోడల్ అనే వరుసలో చాలావరకు దొరుకుతుంది.

ఆ నంబర్‌తో కంపెనీ సపోర్ట్ సైట్‌లో వెతికితే సర్వీస్ మాన్యువల్ ఉచితంగా వస్తుంది. హెచ్‌పీ వాళ్లు దాన్ని మెయింటెనెన్స్ అండ్ సర్వీస్ గైడ్ అంటారు, లెనోవో వాళ్లు హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ అంటారు. ఏ స్క్రూ ఎక్కడుంది, ఏ మూత ఎటు జరపాలి అన్నీ బొమ్మలతో ఉంటాయి. యూట్యూబ్ వీడియో చూడొద్దని అనను. కానీ వీడియోలో ఉన్నది సరిగ్గా మీ మోడలే అని నమ్మకం లేదు, మాన్యువల్‌తో ఆ ఇబ్బంది ఉండదు.

తెరవకుండానే ర్యామ్ స్లాట్లు ఎన్నో తెలుస్తుందా?

విండోస్ 10లో అయితే టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కండి. కుడివైపు కింద "స్లాట్స్ యూజ్డ్" అని కనిపిస్తుంది. రెండింట్లో ఒకటి వాడుతున్నట్టు చూపిస్తే ఒక స్లాట్ ఖాళీ అనుకోవచ్చు. అనుకోవచ్చు అనే అంటున్నాను. మదర్‌బోర్డుకే సోల్డర్ చేసిన (అతికేసిన) ర్యామ్‌ని కూడా విండోస్ ఒక స్లాట్‌గా లెక్కేస్తుంది. బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రామ్) తప్పుడు లెక్క ఇచ్చే మోడళ్లూ ఉన్నాయి. అక్కడే ఫార్మ్ ఫ్యాక్టర్ అనే వరుసలో "సోడిమ్" అని ఉంటే ఊడదీసే ర్యామ్ అని ఒక మంచి సూచన.

ఇంకొంచెం వివరం కావాలంటే సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి. అందులో ఎస్‌పీడీ ట్యాబ్‌లో ఒక్కో స్లాట్‌లో ఏ కంపెనీ ర్యామ్, ఎంత, ఏ స్పీడ్ అన్నది విడివిడిగా వస్తుంది. ఏం చూపించినా కొనే ముందు మూత తీసి కళ్లతో చూడటమే ఖాయమైన పద్ధతి.

మూత తీయాలంటే టెన్షన్‌గా ఉంది. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

భయపడాల్సినంత పని కాదు, తొందరపడాల్సిన పనీ కాదు. పదేళ్ల కిందటి చాలా మోడళ్లలో అడుగున ర్యామ్‌కీ హార్డ్ డిస్క్‌కీ చిన్న చిన్న మూతలు విడిగా ఉండేవి. ఒకటి రెండు స్క్రూలు తీస్తే చాలు. ఆ తర్వాత వచ్చినవాటిలో అడుగు భాగం మొత్తం ఒకే పలకగా ఊడుతుంది. రబ్బరు కాళ్ల కింద, డీవీడీ డ్రైవ్ వెనక దాగిన స్క్రూలుంటాయి. పలక రావడం లేదంటే ఎక్కడో ఒక స్క్రూ మిగిలిందని అర్థం, బలం పెట్టకండి.

మొదటి పని: పూర్తిగా షట్ డౌన్ చేసి ఛార్జర్ తీయండి. స్లీప్‌లో పెట్టడం చాలదు. ఊడే బ్యాటరీ అయితే తీసేయండి. లోపలి బ్యాటరీ అయితే మూత తీయగానే అన్నిటికన్నా ముందు దాని కనెక్టర్ ఊడదీయండి. వైర్లు పట్టి లాగకుండా కనెక్టర్ అంచుని గోరుతోనో ప్లాస్టిక్ పుల్లతోనో నెమ్మదిగా జరపండి. తర్వాత పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు కూడా పోతుంది.

బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే అక్కడితో ఆపేయండి. టచ్‌ప్యాడ్ పైకి లేవడం, అడుగు పలక సరిగ్గా మూసుకోకపోవడం దాని గుర్తులు. ఉబ్బిన బ్యాటరీని నొక్కకూడదు, గుచ్చకూడదు, మళ్లీ ఛార్జింగ్ పెట్టకూడదు. ర్యామ్ సంగతి తర్వాత, ముందు అది మార్పించండి.

మన ఊళ్లో ఇంకో సమస్య ఉంది. పెదవాల్తేరు, కిర్లంపూడి లేఅవుట్, జాలరిపేట లాంటి సముద్రం పక్క ఇళ్లలో ఏళ్లపాటు వాడిన ల్యాప్‌టాప్‌ల స్క్రూలకు తుప్పు పట్టి ఉంటుంది. స్క్రూ తల మీద గోధుమరంగు పొడి కనిపిస్తుంది, ప్లస్ గాడి అంచులు మెత్తబడి ఉంటాయి. అలాంటిదాంట్లో వదులుగా ఉండే స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పారంటే గాడి అరిగి గుండ్రంగా అయిపోతుంది, ఇక అది రాదు. పీహెచ్0, పీహెచ్1 సైజు మంచి స్క్రూడ్రైవర్లు రెండూ దగ్గర పెట్టుకుని, గాడిలో గట్టిగా కూర్చున్నదాన్నే వాడండి. నిలువుగా పెట్టి, కిందికి అదిమి, నెమ్మదిగా తిప్పండి. జారుతుంటే మధ్యలో వెడల్పాటి రబ్బర్ బ్యాండ్ ముక్క పెట్టి ప్రయత్నించండి. లోపల ఎక్కడా నూనె చుక్క వేయకండి.

స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. పొట్టిది ఉండాల్సిన చోట పొడవుది బిగిస్తే బోర్డుకి గుచ్చుకుంటుంది. తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడ తీశారో అక్కడే టేపుతో అంటించండి. అన్నిటికీ ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి.

ర్యామ్ స్లాట్ ఒకటే కనిపిస్తోంది. రెండోది ఎక్కడుంది?

కొన్ని మోడళ్లలో రెండు స్లాట్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పైన ర్యామ్ పెట్టి ఉంటే కిందది దాని చాటున ఉండిపోతుంది. కొన్ని పాత థింక్‌ప్యాడ్‌లలో ఒకటి అడుగు నుంచి కనిపిస్తే రెండోది కీబోర్డ్ కింద ఉంటుంది. ఇంకొన్నింటిలో బోర్డు మీద రెండో స్లాట్‌కి చోటు వదిలారు కానీ కనెక్టర్ సోల్డర్ చేయలేదు, వరుసగా మెరిసే చుక్కలు మాత్రమే ఉంటాయి. అది స్లాట్ కాదు, అక్కడేమీ వేయలేం.

ర్యామ్ మీద రాసినదాన్ని ఎలా చదవాలి?

ఇది తెలుసుకుంటే సగం మోసాలు తప్పుతాయి. ఉన్న ర్యామ్ తీసి స్టిక్కర్ చూడండి. ఉదాహరణకి "4 జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ3ఎల్-12800ఎస్" అని ఉందనుకుందాం. 4 జీబీ సైజు. 1ఆర్ఎక్స్8 లోపలి చిప్‌ల అమరిక. పీసీ3 అంటే డీడీఆర్3, ర్యామ్‌లో ఒక తరం. పక్కనున్న ఎల్ చాలా ముఖ్యం, అది తక్కువ వోల్టేజ్‌కి గుర్తు: మామూలు డీడీఆర్3కి 1.5 వోల్ట్‌లు, డీడీఆర్3ఎల్‌కి 1.35 వోల్ట్‌లు. 12800ని 8తో భాగిస్తే 1600 వస్తుంది, అదే స్పీడ్. చివరి ఎస్ ల్యాప్‌టాప్ సైజుకి గుర్తు.

ఇంటెల్ నాలుగో తరం, ఐదో తరం ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లకి డీడీఆర్3ఎల్ మాత్రమే వేయండి. అందులో మామూలు డీడీఆర్3 పెడితే స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది కానీ చాలాసార్లు మెషీన్ ఆన్ కాదు. "సేమ్ డీడీఆర్3యే సార్" అని షాపులో ఇచ్చేస్తే ఇంటికొచ్చాక తలపట్టుకోవాల్సిందే. డీడీఆర్3ఎల్‌ని పాత 1.5 వోల్ట్‌ల మెషీన్‌లో వేస్తే మాత్రం మామూలుగా పనిచేస్తుంది. అందుకని అనుమానం ఉంటే ఎల్ ఉన్నదే కొనండి.

డీడీఆర్2కి 200 పిన్‌లు, డీడీఆర్3కి 204, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262. మధ్యలో గాటు ఒక్కోదానికి ఒక్కో చోట ఉంటుంది కాబట్టి ఒకదాంట్లో ఇంకోటి దిగదు. ఆరో తరం ఇంటెల్ దగ్గర మాత్రం తప్పకుండా స్టిక్కర్ చూసుకోండి. ఆ తరం ల్యాప్‌టాప్‌లు కొన్ని డీడీఆర్3ఎల్‌తో, కొన్ని డీడీఆర్4తో వచ్చాయి.

స్టిక్కర్ లేదు, అసలు తీసే ర్యామే లేదు, బోర్డు మీద నల్ల చిప్‌లే ఉన్నాయంటే అది సోల్డర్ చేసినది. సీపీయూ-జెడ్‌లో ఎల్‌పీడీడీఆర్3 అనో ఎల్‌పీడీడీఆర్4 అనో చూపిస్తే ఆశ వదులుకోవచ్చు. మ్యాక్‌బుక్ ఎయిర్‌లన్నీ ఇంతే. 2012లో వచ్చిన, రెటీనా కాని మ్యాక్‌బుక్ ప్రోలో మాత్రం రెండు ర్యామ్ స్లాట్లూ, మామూలు హార్డ్ డిస్క్ చోటూ ఉన్నాయి. అది ఇంట్లో ఉంటే పారేయకండి.

ఎంత ర్యామ్ వరకు వేయొచ్చు?

కంపెనీ చెప్పిన లిమిట్ మాన్యువల్‌లో ఉంటుంది, ప్రాసెసర్ లిమిట్ ఇంటెల్ సైట్‌లో ఉంటుంది. రెండూ చూడండి. ఇంటెల్ రెండో తరం నుంచి నాలుగో తరం వరకు ఒక్కో స్లాట్‌లో 8 జీబీ దాటి పట్టదు. కాబట్టి రెండు స్లాట్లుంటే 16 జీబీ. ఇంట్లో బ్రౌజింగ్, ఆన్‌లైన్ క్లాసులు, వర్డ్, ఎక్సెల్ వరకు 8 జీబీ చాలు. ప్రోగ్రామింగ్ చేసే పిల్లలకైతే 16 ఉంటే హాయి.

32 బిట్ విండోస్ ఉంటే ఎంత ర్యామ్ వేసినా 4 జీబీ లోపే వాడుకుంటుంది. ర్యామ్ కొనే ముందు ఇది చూసుకోండి.

4 జీబీ పక్కన 8 జీబీ వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. వేయొచ్చు. రెండూ ఒకే సైజు అయితే డ్యూయల్ ఛానల్ (రెండు ర్యామ్‌లనీ ఒకేసారి వాడుకోవడం) పూర్తిగా పనిచేస్తుంది, లోపల ఉన్న ఇంటెల్ గ్రాఫిక్స్‌కి ఆ తేడా తెలుస్తుంది. అయినా 4 పక్కన 8 వేసి 12 చేసుకోవడం, 4 దగ్గరే ఉండిపోవడం కన్నా ఎంతో నయం.

ర్యామ్ ముందా, ఎస్ఎస్‌డీ ముందా?

ఇంకా హార్డ్ డిస్క్ మీదే నడుస్తుంటే ఎస్ఎస్‌డీయే (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌ల మీద ఫైళ్లు దాచే డిస్క్) ముందు. ఇందులో నాకు రెండో మాట లేదు. నిమిషానికి 5400 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకి సుమారు 100 ఎంబీ చదివితే, మామూలు సాటా (హార్డ్ డిస్క్‌లు వాడే కనెక్షన్ పద్ధతి) ఎస్ఎస్‌డీ 500 ఎంబీ దాటి చదువుతుంది. చిన్న చిన్న ఫైళ్లు చదవడంలో తేడా దీనికన్నా చాలా ఎక్కువ, విండోస్ ఆన్ అయ్యేటప్పుడు చేసే పని అదే. సాటాలో పాత రకమైన సాటా 2 మాత్రమే ఉన్న బాగా పాత మెషీన్‌లో ఆ 500 సగానికి తగ్గుతుంది. అయినా వాడేటప్పుడు ల్యాప్‌టాప్ మారిపోయినట్టే ఉంటుంది.

2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ దాదాపు 7 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. పాత హార్డ్ డిస్క్ 9.5 మిల్లీమీటర్లది అయితే ఆ తేడాకి కొన్ని ఎస్ఎస్‌డీలతో వచ్చే ప్లాస్టిక్ ఫ్రేమ్ అంటించండి. పాత డిస్క్ చుట్టూ ఉన్న ఇనుప బ్రాకెట్‌ని పారేయకుండా కొత్తదానికి బిగించండి.

బోర్డు మీద చిన్న పొడవాటి స్లాట్ ఖాళీగా ఉంది. అదేంటి?

మూడింట్లో ఒకటి అయి ఉంటుంది: మినీ పీసీఐఈ (వైఫై, మోడెమ్ లాంటి కార్డులకి), ఎంసాటా (చిన్న ఎస్ఎస్‌డీకి), ఎం.2 (వీటి తర్వాత వచ్చింది, రెండింటికీ).

మొదటి రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. రెండింటి కార్డులూ సుమారు 30 మిల్లీమీటర్ల వెడల్పు, 51 మిల్లీమీటర్ల పొడవు, కనెక్టర్‌కి 52 పిన్‌లు. స్లాట్ చూసి మీది ఏదో చెప్పడం ఎవరివల్లా కాదు, మాన్యువల్ చెప్పాలి. 2011 నుంచి 2013 మధ్య వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో ఇవే ఉంటాయి. థింక్‌ప్యాడ్ టీ420, టీ430, ఎక్స్220 లాంటి వాటిలో సిమ్ మోడెమ్ కోసం పెట్టిన స్లాట్‌లో ఎంసాటా ఎస్ఎస్‌డీ పనిచేస్తుంది. విండోస్ దాంట్లో పెట్టుకుని హార్డ్ డిస్క్‌ని ఫొటోలకూ సినిమాలకూ ఉంచుకోవచ్చు.

ఎం.2 అయితే వెడల్పు తక్కువ, 22 మిల్లీమీటర్లు. పేరులోని అంకెలు కొలతలే: 2280 అంటే 22 వెడల్పు, 80 పొడవు. 2242 అంటే పొడవు 42. బోర్డు మీద స్క్రూ పెట్టే బొడిపె స్లాట్‌కి ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలిస్తే ఏ పొడవు పడుతుందో తెలుస్తుంది.

ఇప్పుడు స్లాట్‌ని దగ్గరగా, టార్చ్ వేసి చూడండి. పిన్‌ల వరుస మధ్యలో ఒక చోట అడ్డు ఉంటుంది, అది ఎక్కడుందో దాన్నిబట్టే స్లాట్ "కీ" చెబుతారు. ఒక చివర అయిదు పిన్‌లు విడిగా మిగిలితే ఎం కీ. ఆరు పిన్‌లు మిగిలితే బీ కీ. రెండింటి అడ్డూ ఎదురెదురు చివర్లలో ఉంటాయి. వైఫై కార్డు కూర్చునే స్లాట్ ఏ లేదా ఈ కీ, అందులో ఈ ఎస్ఎస్‌డీలు పట్టవు.

కీ తెలిసినంత మాత్రాన పని అయిపోదు. ఎం.2 అనేది ఆకారం పేరు. దాని మీద నడిచేది సాటా కావచ్చు, ఎన్‌వీఎంఈ (సాటా కన్నా వేగమైన పద్ధతి) కావచ్చు. రెండు గాట్లున్న ఎస్ఎస్‌డీ ఎక్కువగా సాటా, ఒక గాటు ఉన్నది ఎక్కువగా ఎన్‌వీఎంఈ. "ఎక్కువగా" అన్న మాట మర్చిపోకండి, రెండు గాట్లున్న ఎన్‌వీఎంఈలు కూడా ఉన్నాయి. ఎస్ఎస్‌డీ స్టిక్కర్ మీద ఏముందో, మీ స్లాట్ దేన్ని తీసుకుంటుందని మాన్యువల్ చెబుతోందో, రెండూ కలిస్తేనే కొనండి.

మాది 2014 మోడల్. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ వేస్తే స్పీడ్ పెరుగుతుందా?

ఆ కాలపు మెషీన్‌లలో ఎం.2 స్లాట్ ఉన్నా చాలావాటికి ఎన్‌వీఎంఈ నుంచి బూట్ అవడం (ఆన్ అయి విండోస్ లోడ్ చేసుకోవడం) రాదు. బయోస్‌కి ఆ డిస్క్ అసలు కనపడదు. సాటా ఎస్ఎస్‌డీ వేసుకోండి. రోజువారీ పనిలో సాటాకీ ఎన్‌వీఎంఈకీ కనిపించే తేడా, హార్డ్ డిస్క్‌కీ సాటా ఎస్ఎస్‌డీకీ ఉన్న తేడా ముందు చాలా చిన్నది.

డీవీడీ డ్రైవ్ వాడటం లేదు. ఆ చోటు పనికొస్తుందా?

బాగా పనికొస్తుంది. క్యాడీ అని అమ్ముతారు, హార్డ్ డిస్క్‌ని అందులో పెట్టి డీవీడీ డ్రైవ్ ఉన్న చోటకి తోసేయొచ్చు. చాలా మోడళ్లలో అడుగున ఒక్క స్క్రూ తీస్తే డ్రైవ్ బయటికి వచ్చేస్తుంది. క్యాడీలు 9.5, 12.7 మిల్లీమీటర్ల మందాల్లో వస్తాయి, మీ డ్రైవ్‌ని కొలిచి కొనండి. ఎస్ఎస్‌డీని అసలు హార్డ్ డిస్క్ చోట పెట్టి, పాత డిస్క్‌ని క్యాడీలోకి మార్చండి. డీవీడీ వైపు కనెక్టర్ కొన్ని మెషీన్‌లలో తక్కువ స్పీడ్‌ది. డ్రైవ్ ముందున్న ప్లాస్టిక్ పట్టీని ఊడదీసి క్యాడీకి తగిలిస్తే పక్కన బోసిగా కనిపించదు.

వైఫై కార్డు మార్చొచ్చా?

చాలావాటిలో మార్చొచ్చు. పాత కార్డులు కొన్ని 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే అందుకుంటాయి. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార లాంటి చోట్ల అపార్ట్‌మెంట్‌లో చుట్టూ ఇరవై రౌటర్లుంటే ఆ బ్యాండ్‌లో సిగ్నల్ ఫుల్‌గా చూపించినా నెట్ నడవదు. 5 గిగాహెర్ట్జ్ ఉన్న కార్డు వేస్తే తేడా తెలుస్తుంది.

మూడు చూసుకోండి. ఒకటి, స్లాట్ మినీ పీసీఐఈనా ఎం.2నా. రెండు, యాంటెన్నా వైర్ల చివర బొత్తాలు: మినీ పీసీఐఈ కార్డులకి కొంచెం పెద్దవి, ఎం.2 కార్డులకి చిన్నవి, ఒకదానికి ఇంకోటి పట్టవు. మూడు, పాత హెచ్‌పీ, లెనోవో మోడళ్లు కొన్నింటిలో కంపెనీ ఒప్పుకున్న కార్డులు తప్ప వేరేవి పెడితే ఎర్రర్ చూపించి ఆగిపోతాయి. ఇంటెల్ ఏఎక్స్201 లాంటి సీఎన్‌వీఐ కార్డులు (కొత్త ఇంటెల్ ప్రాసెసర్‌లతోనే నడిచే రకం) పాత మెషీన్‌లలో పనిచేయవు. ఇంత ఎందుకనిపిస్తే చిన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనుక్కోండి, పని జరుగుతుంది.

ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు?

వదిలేయండి. గ్రాఫిక్స్ దాదాపు అన్నింట్లో బోర్డుకే అతికి ఉంటుంది. ప్రాసెసర్ కూడా ఐదో తరం ఇంటెల్ నుంచి సోల్డర్ చేసినదే. అంతకుముందు కొన్ని మోడళ్లలో సాకెట్ ఉన్నా, ఆ ఖర్చుకీ శ్రమకీ తగిన ఫలితం రాదు.

పక్కన కార్డు దూర్చే వెడల్పాటి సందు ఉంది. అది దేనికి?

ఎక్స్‌ప్రెస్‌కార్డ్ స్లాట్ కావచ్చు. యూఎస్‌బీ 3 పోర్టులు ఇచ్చే కార్డులు దానికి వచ్చేవి. యూఎస్‌బీ 2 మాత్రమే ఉన్న మెషీన్‌కి అలాంటి కార్డు దొరికితే మంచిదే. లేకపోతే వెతుక్కుంటూ తిరగనవసరం లేదు.

ఎస్ఎస్‌డీ వేశాక విండోస్ లైసెన్స్ పోతుందా? ఫైళ్లు?

లైసెన్స్ మదర్‌బోర్డుని బట్టి ఉంటుంది కాబట్టి డిస్క్ మారితే పోదు. విండోస్ 8, ఆ తర్వాత కంపెనీ నుంచే విండోస్‌తో వచ్చిన మెషీన్‌లకి లైసెన్స్ కీ బయోస్‌లోనే ఉంటుంది.

ఫైళ్లకి మాత్రం ముందే బ్యాకప్ తీసుకోండి. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే రికవరీ కీని కాగితం మీద రాసుకుని, పార్ట్‌లు మార్చే ముందు దాన్ని సస్పెండ్ చేయండి. పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేయడానికి క్లోన్‌జిల్లా ఉచితం. నా సలహా అయితే కొత్తగా విండోస్ వేసుకోవడమే. ఏళ్ల చెత్తనంతా కొత్త డిస్క్‌లోకి మోసుకెళ్లడం దేనికి?

ఇవన్నీ చేస్తే విండోస్ 11 వస్తుందా?

అది ర్యామ్, ఎస్ఎస్‌డీల చేతిలో లేదు. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్, టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) ఉండాలన్నది మైక్రోసాఫ్ట్ నియమం. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత మెషీన్‌కి విండోస్ బదులు లినక్స్ మింట్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్‌లు వస్తూనే ఉంటాయి, తెలుగు టైపింగ్ కూడా ఉంది. చదువుకునే పిల్లలకి అదే మంచి పరిచయం.

వైజాగ్‌లో పార్ట్‌లు కొనేటప్పుడు ఏం అడగాలి?

ద్వారకానగర్, డాబా గార్డెన్స్ వైపు వెళ్లేటప్పుడు పాత ర్యామ్‌ని ఒక చిన్న కవర్‌లో పెట్టి పట్టుకెళ్లండి, మోడల్ నంబర్ ఉన్న స్టిక్కర్ ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి. "ల్యాప్‌టాప్ ర్యామ్ కావాలి" అని కాకుండా "డీడీఆర్3ఎల్, 1600, 8 జీబీ" అని అడగండి. అప్పుడు మాట తీరే మారుతుంది. జీఎస్టీ బిల్లు తీసుకోండి, దాని మీద సీరియల్ నంబర్ రాయించండి. పట్టకపోతే మార్చి ఇస్తారా అని డబ్బిచ్చే ముందే అడగండి. డీడీఆర్3 సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవచ్చు. ఎస్ఎస్‌డీ మాత్రం కొత్తదే, వారంటీ ఉన్నదే కొనండి.

ఇంటి దగ్గర చేయించుకుంటే ఎటూ మూత తీశారు కదా, ఫ్యాన్ కూడా శుభ్రం చేయించండి. జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్ చుట్టుపక్కల ఉండేవాళ్లకి ఇది మరీ అవసరం. పోర్టు వైపు నుంచి వచ్చే నల్లటి దుమ్ము ఫ్యాన్ జాలీలో పొరలా పేరుకుంటుంది. గాలి ఆడక వేడెక్కిన ప్రాసెసర్ తన స్పీడ్ తానే తగ్గించుకుంటుంది. మే నెలలో ల్యాప్‌టాప్ మరీ స్లో అవుతోందంటే ముందు అనుమానించాల్సింది దాన్నే.

ర్యామ్ వేశాక స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. పాడైందా?

చాలాసార్లు ర్యామ్ పూర్తిగా కూర్చోకపోవడమే కారణం. బ్యాటరీ కనెక్టర్ మళ్లీ తీసి, ర్యామ్‌ని ఏటవాలుగా, దాదాపు 30 డిగ్రీల్లో, బంగారు రంగు అంచు కనపడనంత లోపలికి తోయండి. తర్వాత కిందికి నొక్కితే రెండు వైపులా క్లిప్‌లు టక్‌మని పట్టుకోవాలి. తేమకి అంచు మసకబారి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. రబ్బరుతో రుద్దే అలవాటు చాలామందికి ఉంది, అలా చేస్తే ఆ పొడి స్లాట్‌లో పడకుండా బ్రష్‌తో దులపండి.

అప్పటికీ రాకపోతే కొత్తది తీసి పాతదొక్కటే పెట్టి ఆన్ చేయండి. తర్వాత కొత్తదొక్కటే, ఒక్కో స్లాట్‌లో. ర్యామ్ మార్చాక మొదటిసారి ఆన్ కావడానికి కొన్ని మెషీన్‌లు ఒక నిమిషం దాకా తీసుకుంటాయి, ఆ కాసేపు పవర్ బటన్ జోలికి వెళ్లకండి. ఏ స్లాట్‌లో పెట్టినా కొత్తది పనిచేయకపోతే బిల్లు పట్టుకుని షాపుకి వెళ్లండి. పనిచేస్తే రాత్రికి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ పెట్టి వదిలేయండి. పొద్దున ఒక్క ఎర్రర్ కనిపించినా ఆ ర్యామ్ మార్పించుకోవాల్సిందే.